వెనుక నిలిచినవారు

యాదగిరిగుట్ట ఎక్కే యాత్రికుడు లక్ష్మీనరసింహస్వామి దర్శనం కోరి వస్తాడు. ఆ కొండకు కాపు కాసే క్షేత్రపాలకుడు ఆంజనేయస్వామి. యాదమహర్షి తపస్సు ఆయన అండతోనే సాగినదని స్థలపురాణం చెబుతున్నది. మొక్కులు అందుకొనేది స్వామి. కావలి కాసేది బంటు. గుట్ట క్రింద పుట్టి పెరిగిన మాకు క్షేత్రపాలకుడనే మాట చిన్ననాటినుంచీ పరిచితమైనది. ఫుట్‌బాల్ ఆటలో వెనుక నిలబడి గోలు కాచే ఆటగాణ్ణి గురించి చెప్పవలసి వచ్చినప్పుడు మాకు మొదట తోచిన మాట అదే.

ఐతే ఒక సంగతి ఒప్పుకోవాలి. బడి వెనుక బీడులో బంతి ఆడిన రోజులలో ఈ క్షేత్రపాలకునికి మేమిచ్చిన గౌరవం ఏమీ లేదు. జట్లు పంచుకొనేటప్పుడు పరుగున్నవాడు, కాలిలో నేర్పున్నవాడు ముందుకు పోయేవాడు. ఆట రానివాణ్ణి, అందరికన్న చిన్నవాణ్ణి, "నువ్వు వెనుక వుండరా" అని నిలబెట్టేవారము. గోలు పడితే తప్పు వాడిది. పడకపోతే వాడొకడు ఉన్నట్టే ఎవరికీ గుర్తుండేది కాదు. పెద్దవారమై ఆటల చరిత్ర చదివిన తరువాత, చరిత్ర కూడా మావలెనే జట్లు పంచుకొన్నదని తెలిసినది. గోలు వేసినవాని పేరు, వేసిన నిమిషం, పుస్తకంలో వుంటాయి. పడబోయిన గోలును ఆపినవానికి ఆ పుస్తకంలో గడి లేదు. రేడియో వ్యాఖ్యాతను తప్పుపట్టలేము; ఆయన గొంతు బంతి వెంట పోవలసినదే. బంతి రాకముందే దారి మూసివేసినవాణ్ణి గురించి చెప్పేందుకు ఆయనకు వ్యవధి ఎక్కడిది?

మా గుట్టకు హైదరాబాదు ఎంతో దూరం కాదు. ఆ నగరం భారతదేశానికి ఎందరో ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఇచ్చినది. వారిలో ఇద్దరు రక్షకులను ఇక్కడ తలచుకొంటున్నాము. ఒకరు సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్, మరొకరు సయ్యద్ నయీముద్దీన్. మొదటివారు రెండు ఒలింపిక్ క్రీడలలో దేశానికి ఆడారు. రెండవవారు ఆసియా క్రీడలలో దేశానికి నాయకత్వం వహించారు. ఇద్దరి నడుమ ఇంచుమించు ఒక తరం అంతరం వున్నది. ఇద్దరూ నగర పోలీసు జట్టు నుంచి వచ్చినవారే. ఇద్దరి కథనూ కలిపి చూస్తే, వెనుక వరుసలో నిలిచే విద్య మన దేశంలో ఎట్లా మారినదో, ఎవరి చేతిమీదుగా సాగినదో తెలుస్తుంది.

ముందు ఆ విద్య ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. పాత పద్ధతిలో గోల్‌కీపరుకు ముందు ఇద్దరే ఫుల్‌బ్యాకులు. వారి ముందు ముగ్గురు హాఫ్‌బ్యాకులు, ఆపైన అయిదుగురు ఫార్వర్డులు. పదకొండుగురిలో అయిదుగురు దాడికే అంకితమైన ఆట అది. 1925లో ఆఫ్‌సైడు నిబంధన మారినది. అంతవరకు బంతి అందుకొనే ఆటగానికీ గోలు గీతకూ నడుమ ఎదుటిపక్షంవారు ముగ్గురు ఉండవలసి వచ్చేది. కొత్త నిబంధన ప్రకారం ఇద్దరుంటే చాలు. దాడి చేసేవారికి దారులు తెరుచుకొన్నవి. ఇద్దరు బ్యాకులతో కోట నిలవని స్థితి ఏర్పడినది. ఇంగ్లండులో మధ్య హాఫ్‌బ్యాకును వెనుకకు లాగి, ఇద్దరు బ్యాకుల నడుమ మూడవవానిగా నిలిపారు. స్టాపరు అనే పేరు అప్పటినుంచి ప్రచారంలోకి వచ్చినది.

ఈ స్టాపరు పని బంతిని బలంగా తన్నటం ఒక్కటే కాదు. అతడు వెనుక వుంటాడు కనుక మైదానమంతా అతని కళ్లముందు వుంటుంది. ఎవరు ఎక్కడ ఖాళీగా వున్నారో ముందు కనిపించేది అతనికే. కేక వేసి తనవారిని కదిలించటం అతని బాధ్యత. ఎదురు వచ్చేవాని మీదికి ఉరకటం తేలిక. ఉరికి తప్పితే వెనుక గోలు తప్ప మరేమీ వుండదు. కాబట్టి నేర్పున్న బ్యాకు ఉరకడు. నాలుగడుగులు వెనుకకు నడుస్తూ, ఎదుటివాణ్ణి మెల్లగా పక్క గీతవైపు తోలుకొని పోయి, అతడు కాలు తడబడిన క్షణాన బంతి తీసుకొంటాడు. చూసేవారికి దానిలో అబ్బురం ఏమీ కనిపించదు. అన్నీ సవ్యంగా జరిగిననాడు అతడు ఏమీ చేయనట్టే వుంటుంది.

ఇక హైదరాబాదు కథ. నగర పోలీసు జట్టు పేరు 1943లోనే దక్షిణదేశమంతా వినిపించినది. ఆ సంవత్సరం బెంగుళూరులో జరిగిన ఆష్ స్వర్ణకప్పు పోటీలో ఆ జట్టు బ్రిటిష్ వైమానికదళపు జట్టును ఓడించినది. ఆ ఓడిన జట్టులో ఇంగ్లండు క్రికెట్ ఆటగాడు డెనిస్ కాంప్టన్ కూడా వున్నాడు. ఆ రోజులలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం వ్యవహారాలు సయ్యద్ మహమ్మద్ హాదీ వంటి క్రీడాప్రియుల చేతులలో వుండేవి. రంజీ క్రికెట్ పోటీలలో తొట్టతొలి శతకం చేసిన హాదీగారు ఆయనే. ఆ సంఘం కార్యదర్శిత్వం ఒక బడిపంతులుకు దక్కినది. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలో పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. 1950 నాటికి పోలీసు జట్టు శిక్షకుడైనారు. తరువాత దేశపు జట్టుకూ గురువైనారు. నగరమంతా ఆయనను రహీం సాహెబు అని పిలిచేది.

ఆయన పంతులు కనుక ఆటను కూడా పాఠంవలె విడగొట్టి నేర్పారు. బంతిని కాలితో తిప్పుతూ పోరాదు, వెంటనే తోటివానికి అందించవలెనన్న నియమంతో ఆయన ప్రత్యేకంగా పోటీలు పెట్టించారు. వాడుకలేని కాలితోనే ఆడవలెనన్న పోటీలు కూడా పెట్టించారు. మొదటి పోటీలో ఆటగానికి చుట్టూ ఎవరున్నారో చూసే అలవాటు పడుతుంది. రెండవదానిలో కుడి ఎడమల భేదం పోతుంది. ఈ రెండు గుణాలూ ఫార్వర్డుకు ఎంత అవసరమో బ్యాకుకు అంతకన్న అవసరం. ఎదుటివాడు ఏ వైపునుంచి వస్తాడో ఎంచుకొనే హక్కు బ్యాకుకు లేదు గదా.

1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును హైదరాబాదు నగర పోలీసు జట్టే గెలుచుకొన్నది. 1950లో డ్యూరాండ్ కప్పు పోటీ చివరి ఆటలో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించినది. ఫతే మైదానంలో అలవాటుపడిన కాళ్లు దేశంలోని పెద్ద పెద్ద జట్లను ఆపివేసినవి. ఆ జట్టు వెనుక వరుసలో నిలిచిన ఫుల్‌బ్యాకు అజీజుద్దీన్. ముందు హాఫ్‌బ్యాకుగా నూర్ మహమ్మద్. ఆ ఇద్దరూ 1952 హెల్సింకీ, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ జట్లలో వున్నారు.

అంతకుముందు 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల సంగతి ఒకటి చెప్పాలి. రహీం సాహెబు శిక్షణలో భారత జట్టు స్వర్ణపతకం గెలిచినది. చివరి ఆటలో ఇరాన్ మీద మేవాలాల్ వేసిన గోలును ఇప్పటికీ చెప్పుకొంటారు. చెప్పుకోదగినదే. కాని ఆ పోటీల లెక్క తిరగవేసి చూడండి. ఇండొనేషియా మీద 3–0, అఫ్గానిస్తాన్ మీద 3–0, ఇరాన్ మీద 1–0. మూడు ఆటలలో మనవారు వేసినవి ఏడు గోళ్లు. మనకు పడినది ఒక్కటి కూడా లేదు. ఆ ఏడు గోళ్ల వెనుక పేర్లున్నవి. మూడు సున్నాలకు పేర్లు లేవు. ఆ జట్టు నాయకుడు శైలేన్ మన్నా స్వయంగా ఫుల్‌బ్యాకు అన్న సంగతి ఎందరికి గుర్తున్నది?

మరుసటి సంవత్సరం హెల్సింకీలో ఆ సున్నా పగిలిపోయినది. 1952 జూలై 15వ తేదీన భారత జట్టు యుగొస్లావియాను ఎదుర్కొన్నది. చలిదేశం. మనవారిలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఇద్దరు బ్యాకుల పాత అమరికతోనే మైదానంలోకి దిగారు. ఆ ఇద్దరు మన్నా, అజీజుద్దీన్. ఎదుటిపక్షంవారు పది గోళ్లు వేశారు. అందులో నాలుగు బ్రాంకో జెబెట్స్ అనే ఆటగానివి. ఆట ముగియవచ్చిన సమయంలో అహమద్ ఖాన్ మన పక్షాన ఒక గోలు వేశారు. పది–ఒకటి అన్న ఆ లెక్క భారత ఫుట్‌బాల్ చరిత్రలో ఒక మచ్చగా మిగిలినది.

ఈ ఓటమిని ఎవరి తలకు చుట్టాలి? పది గోళ్లు పడినప్పుడు లోకం చూసేది గోల్‌కీపరును, బ్యాకులను. కాని విచారించి చూస్తే ఆ దినం ఓడినది ఒక పద్ధతి. ఐరోపావారు మూడవ బ్యాకును నిలిపి పాతికేండ్లు దాటినది. మనవారు ఇంకా ఇద్దరితోనే కోట కాస్తున్నారు. అయిదారుగురు ఏకమై వస్తూ వుంటే ఇద్దరు ఎంతవాళ్లైనా ఏమి చేయగలరు? ఆ యుగొస్లావియా జట్టే తరువాత రజతపతకం గెలిచినదని కూడా మరువరాదు. ఆ ఒలింపిక్ క్రీడలలో స్వర్ణం గెలిచిన హంగరీ జట్టు ఆటను రహీం సాహెబు శ్రద్ధగా గమనించారు. తిరిగి వచ్చిన తరువాత బూట్లు తప్పనిసరి అయినవి. వెనుక వరుస అమరిక మారటం మొదలైనది.

అజీజుద్దీన్ జీవితంలో మాకు గొప్పగా తోచే విషయం ఇక్కడ వున్నది. ఇటువంటి ఓటమి తరువాత ఎందరో ఆటగాళ్లు తెరమరుగై పోతారు. ఆయన పోలేదు. హెల్సింకీ మైదానంలో పది గోళ్లు పడుతూ వుండగా నిలబడిన మనిషే, నాలుగేండ్ల తరువాత మెల్బోర్న్‌కు వెళ్లిన జట్టులో మళ్లీ వున్నారు. కొత్త అమరిక నేర్చుకొన్నారు. బూట్లకు కాళ్లను అలవాటు చేసుకొన్నారు. ఓడిన పద్ధతిని విడిచి, ఓడించిన పద్ధతిని అభ్యసించారు.

మెల్బోర్న్ జట్టులో హైదరాబాదువారు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్‌లతో పాటు జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు అమ్ముగూడ బస్తీలో పెరిగిన తులసీదాస్ బలరాం వున్నారు. 1956 డిసెంబరు 1వ తేదీన ఆస్ట్రేలియాను మనవారు 4–2 గోళ్లతో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు వేశాడు. ఆసియా ఖండపు జట్టు ఒకటి ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరటం అదే ప్రథమం. అక్కడ ఎదురైనది మళ్లీ యుగొస్లావియాయే. ఈసారి సగం ఆట ముగిసేవరకు ఇరుపక్షాలకూ గోలు లేదు. విరామం తరువాత మొదటి గోలు కూడా మనదే. చివరకు 4–1తో ఓడినా, నాలుగేండ్లలో పది నుంచి నాలుగుకు దిగిన ఆ అంకెలో వెనుక వరుసవారి శ్రమ అంతా ఇమిడివున్నది. మూడవ స్థానానికి జరిగిన ఆటలో బల్గేరియా గెలిచినది. భారతదేశానికి నాలుగవ స్థానం దక్కినది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకన్న పైకి ఎన్నడూ పోలేదు.

ఆ సెమీఫైనలు లెక్కలో ఒక చిన్న వివరం మా మనస్సును పట్టుకొన్నది. యుగొస్లావియాకు పడిన నాలుగవ గోలు పక్కన మన రక్షకుడు సలామ్ పేరు వుంటుంది. బంతిని ఆపబోతే అది ఆయనను తాకి మన గోలులోకే పోయినది. ఆ ఆటలో ఆయన ఎన్ని దాడులు ఆపారో ఎవరూ వ్రాసుకోలేదు. తప్పిన ఒక్కటి మాత్రం శాశ్వతంగా వ్రాసివున్నది. రక్షకుని పేరు పుస్తకంలోకి ఎక్కే మొదటి మార్గం ఇది.

రెండవ మార్గం జకార్తాలో కనబడినది. 1962 ఆసియా క్రీడలలో ఇజ్రాయెల్, తైవాన్‌లను రానీయలేదన్న వివాదంలో భారత ప్రతినిధి సోంధీగారు పలికిన మాటల వల్ల అక్కడి ప్రజలు మన జట్టుపై ఆగ్రహంగా వున్నారు. మనవారు మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడారు. పంజాబు నుంచి వచ్చిన స్టాపరు జర్నైల్ సింగుకు తలకు గాయమై కుట్లు పడినవి. అటువంటి స్థితిలో రహీం సాహెబు ఆ రక్షకుణ్ణి ముందు వరుసలోకి పంపారు. అతడు సెమీఫైనలులో దక్షిణ వియత్నాం మీద ఒక గోలు, సెప్టెంబరు 4వ తేదీన జరిగిన ఫైనలులో అదే దక్షిణ కొరియా మీద ఒక గోలు వేశాడు. 2–1తో స్వర్ణం మనదైనది. హైదరాబాదు బలరాం, యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో వున్నారు. జర్నైల్ సింగు పేరు ఆ దినపు లెక్కలో వెలుగుతున్నది. ఎందుకు? తన చోటు విడిచి ముందుకు పోయినాడు కాబట్టి. రక్షకుడు పుస్తకానికి ఎక్కవలెనంటే తన గోలులోనైనా వేసుకోవాలి, లేదా ముందుకు పోయి ఎదుటివాని గోలులోనైనా వేయాలి. తన చోట తాను నిలిచి తన పని తాను చేసినవానికి మూడవ మార్గం లేదు.

జకార్తా విజయం రహీం సాహెబుకు ఆఖరి విజయమైనది. ఊపిరితిత్తుల క్యాన్సరుతో 1963 జూన్ 11వ తేదీన ఆయన కన్నుమూశారు. ఆయన నేర్పినది ఆటగాళ్ల కాళ్లలో, కళ్లలో మిగిలినది. అప్పటికి హైదరాబాదు పోలీసు జట్టులో అడుగుపెట్టిన యువకులలో ఒకరు సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాదులోనే జన్మించారు. అజీజుద్దీన్ ఇద్దరు బ్యాకుల కాలంలో ఆట మొదలుపెట్టి మారవలసి వచ్చినవారు. నయీముద్దీన్ అట్లా కాదు. నలుగురు వెనుక, ఇద్దరు నడుమ, నలుగురు ముందు నిలిచే కొత్త అమరిక అలవాటైన కాలంలో ఆయన పెరిగారు. వెనుక వరుస మధ్యలో నిలిచి మైదానాన్ని చదవటం ఆయనకు మొదటి పాఠమైనది.

ఆ రోజులలో హైదరాబాదు ఆటగాళ్లకు కలకత్తా పిలుపు వచ్చేది. అక్కడ వేలాది జనం, పెద్ద క్లబ్బులు, పత్రికల ప్రచారం. ఇక్కడ పోలీసు కొలువు, సాయంత్రపు అభ్యాసం. 1966లో నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. నగరంనుంచే వచ్చిన ఫార్వర్డు మహమ్మద్ హబీబ్ కూడా ఆ యేడే అక్కడికి పోయినారు. తరువాత నయీముద్దీన్ మోహన్ బగాన్‌కూ, మహమ్మదన్ స్పోర్టింగుకూ ఆడారు. ఒకరి మీద ఒకరు కత్తులు నూరే ఆ మూడు క్లబ్బులవారూ ఒకే మనిషిని తమ గోలు ముందు నిలుపుకోదలచారంటే, అది ఏ పుస్తకంలోనూ లేని ప్రశంసాపత్రం.

1970 డిసెంబరులో బాంకాక్‌లో ఆసియా క్రీడలు జరిగినవి. భారత జట్టుకు నాయకుడు నయీముద్దీన్. సెమీఫైనలులో బర్మా చేతిలో మనవారు 0–2తో ఓడారు. కాంస్యపతకానికి జపానుతో తలపడవలసి వచ్చినది. ఆ జపాను సామాన్యమైనది కాదు. రెండేండ్ల క్రితం మెక్సికో ఒలింపిక్ క్రీడలలో కాంస్యం గెలిచిన దేశం. ఒలింపిక్ పతకం ఎరుగని మన జట్టు దానిని 1–0తో ఓడించినది. ఒక గోలు వేసి గెలిచిన ఆటలో ఆ గోలు ఎంత విలువైనదో, దాని పక్కనున్న సున్నా అంత విలువైనది. ఆ ఒక్క గోలు ఆధిక్యం చేతిలో పెట్టుకొని ఆట ముగిసేవరకు జపాను దాడిని కాచుకొన్నవారు వెనుక వరుసవారు. వారికి నాయకుడు మన హైదరాబాదువాడు. ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్‌కు పతకం దక్కటం అదే ఆఖరుసారి. 2023లో హాంగ్‌జౌలో జరిగిన క్రీడల వరకు మరొకటి రాలేదు.

నయీముద్దీన్‌కు అర్జున పురస్కారం లభించినది. ఆట మానిన తరువాత ఆయన శిక్షకుడైనారు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే సంవత్సరంలో ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ కప్పులు మూడూ గెలుచుకొన్నది. ఆ సంవత్సరమే ఆయనకు ద్రోణాచార్య పురస్కారం ఇచ్చారు. ఫుట్‌బాల్ గురువులలో ఆ గౌరవం పొందిన ప్రథముడు ఆయనే. 1997లో కాట్మండులోనూ, 2005లో కరాచీలోనూ దక్షిణాసియా పోటీలలో భారత జట్టు విజేత అయినప్పుడు శిక్షకుడు ఆయనే. కరాచీలో బంగ్లాదేశ్ మీద 2–0తో గెలిచారు. ఢాకాలోని క్లబ్బులకు కూడా ఆయన శిక్షణ ఇచ్చారు. క్రమశిక్షణ విషయంలో కఠినుడని పేరు పొందారు. ఆ కాఠిన్యం నచ్చనివారు కూడా వున్నారు. మాకు మాత్రం అది వెనుక వరుసలో అబ్బిన గుణమని తోస్తుంది. ముందు వరుసవాడు తొమ్మిదిసార్లు తప్పి పదవసారి గోలు వేస్తే జనం భుజాలమీద ఎత్తుకొంటారు. బ్యాకు తొమ్మిదిసార్లు ఆపి పదవసారి తప్పితే తలవంచుకొని ఇంటికి పోవాలి. అటువంటి బడిలో చదివినవానికి పొరపాటును తేలికగా తీసుకోవటం ఎట్లా అలవడుతుంది?

బడిపంతులు రహీం నుంచి పోలీసు జట్టుకు, ఆ జట్టు నుంచి అజీజుద్దీన్ తరానికి, తరువాత నయీముద్దీన్‌కు, ఆయన నుంచి కలకత్తా, కాట్మండు, ఢాకా ఆటగాళ్లకు ఒక విద్య చేతులు మారినది. ఇది గ్రంథస్థమైన విద్య కాదు. మైదానంలో పక్కన నిలబడి నేర్చుకోవలసిన విద్య. అందువల్ల మైదానం పోతే విద్య కూడా పోతుంది. హైదరాబాదు జట్టు 1956–57లోనూ, 1957–58లోనూ సంతోష్ ట్రోఫీ గెలిచినది. ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965–66లో మరొకసారి గెలిచినది. ఆ తరువాత ఆ కప్పు తెలుగునేలకు రాలేదు. 2024 డిసెంబరు 31వ తేదీన ఆ పోటీ ఫైనలు హైదరాబాదులోనే, గచ్చిబౌలి మైదానంలో జరిగినది. ఆడినవారు బెంగాలు, కేరళవారు. గెలిచినది బెంగాలు. ఇంటిలో పెళ్లి జరుగుతూ వుంటే ఇంటివారు అతిథులవలె కూర్చుండినట్టు మనవారు ప్రేక్షకులుగా మిగిలారు.

పూర్తిగా నిరాశ పడవలసిన పని లేదు. 2022 మార్చిలో హైదరాబాదు పేరు పెట్టుకొన్న క్లబ్బు ఒకటి గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనలు గెలిచినది. ఆట సమానమై పెనాల్టీల దాకా పోయినప్పుడు గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపివేశాడు. ఆపినవాని పేరు ఆ రాత్రి అందరి నోటా వినిపించినది. రహీం సాహెబు జీవితం మీద 2024లో 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం వచ్చినది. ఆయన పోయిన అరవై యేండ్లకు దేశం ఆయన పేరును మళ్లీ పలికినది. గురువుకు ఆ భాగ్యం ఆలస్యంగానైనా దక్కినది. అజీజుద్దీన్ వంటి బ్యాకులకు అది దక్కుతుందో లేదో మనమీద ఆధారపడి వున్నది.

వారికోసం విగ్రహాలు నిలపమని మేము కోరటం లేదు. ఆట చూసేటప్పుడు, వినేటప్పుడు, పిల్లలకు నేర్పేటప్పుడు ఒక చిన్న మార్పు చాలు. ఈసారి ఆట చూడబోయేటప్పుడు పది నిమిషాలపాటు బంతిని విడిచి, వెనుక వరుసలో నిలిచిన ఒక్కనిమీద దృష్టి నిలపండి. అతడు ఎన్నిసార్లు చేయి చాపి తోటివాణ్ణి జరిపినాడో, ఎన్నిసార్లు రెండడుగులు ముందే పోయి నిలిచినాడో, అతడు నిలిచినందువల్లనే ఎన్ని బంతులు ఆ దారికే రాలేదో లెక్కించండి. 1951లో ఢిల్లీలో, 1970లో బాంకాక్‌లో మనకు మిగిలిన సున్నాలకు అర్థం అప్పుడు తెలుస్తుంది.

మా గుట్ట క్రింద ఇప్పటికీ పిల్లలు సాయంకాలం బంతి ఆడుతూనే వుంటారు. జట్లు పంచుకొనేటప్పుడు "నువ్వు వెనుక వుండరా" అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మాట మారనక్కరలేదు. ఆ మాట ఎవరితో అంటున్నారో అది మారితే చాలు. జట్టులో తెలివైనవాణ్ణి, ఓర్పున్నవాణ్ణి, ఓడినా మరునాడు మళ్లీ వచ్చి నిలబడేవాణ్ణి పిలిచి, గోలును వాడికి అప్పగించి, ఆ మాట అనవలె. హెల్సింకీలో పది గోళ్లు చూసి కూడా మెల్బోర్న్‌కు బయలుదేరిన మనిషి నిలిచినది ఆ చోటనే అని ఆ పిల్లవానికి ఎవరైనా పెద్దలు చెప్పవలె. క్షేత్రపాలకుని చోటు చిన్నదని మా గుట్టమీద ఎవరూ అనరు.